మళ్ళీ మొదటిసారి

గౌరీపతి, కుముదల ఇంట్లో గొడవ వస్తే అది తీరే దారి ఒకటే ఉండేది. గౌరీపతి కాసేపు ముభావంగా తిరిగి, చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి, "లాంచీ ఆగలేదండి, నది ఆగింది" అనేవాడు. కుముద వెనక్కి తిరగకుండానే, "అయితే దిగి నదిని తొయ్యండి" అనేది. ఇద్దరిలో ఎవరో ఒకరికి ముందు నవ్వొచ్చేది. అంతటితో సరి. మళ్ళీ ఆ విషయం ఎత్తేవారు కాదు.

ఆ రెండు మాటలూ 'లంకలపల్లి లాంచీ' అనే సినిమాలోవి. అదేమీ గొప్ప సినిమా కాదు. విడుదలైనప్పుడు రెండు వారాలు కూడా ఆడలేదు. గోదావరి మీద లాంచీ నడిపే ఒక సరంగు, ఆ లాంచీలో రోజూ లంకలో బడికి వెళ్ళొచ్చే ఒక పంతులమ్మ. ఒకరోజు పెళ్ళివారితో నిండిన లాంచీ ఇసకమేట ఎక్కి కూర్చుంటుంది. ముహూర్తం దాటిపోతోందని పెళ్ళికొడుకు తండ్రి గొడుగు మొనతో పొడుస్తుంటే, సరంగు తప్పు ఒప్పుకోలేక ఆ మాట అంటాడు. పంతులమ్మ పుస్తకంలోంచి తలెత్తకుండా జవాబిస్తుంది.

పెళ్ళైన కొత్తలో రాజమండ్రిలో కుముద పిన్నిగారింటికి వెళ్ళినప్పుడు చూశారు దాన్ని. వేరే సినిమాకని బయల్దేరితే టికెట్లు దొరక్క, వాన పట్టుకుంటే, ఎదురుగా ఉన్న హాల్లోకి పరుగెత్తారు. లోపల పట్టుమని యాభైమంది లేరు. మధ్యలో కరెంటు పోయింది. అంతకుముందు పెద్దల ఎదుట తప్ప సరిగా మాట్లాడుకోని ఇద్దరూ ఆ చీకట్లో ఆ ఇసకమేట సీను చెప్పుకుని చెప్పుకుని నవ్వారు. తరవాత అది టీవీలో ఏ ఆదివారం వచ్చినా చూశారు. కేసెట్టు కొన్నారు, అది అరిగిపోతే సీడీ కొన్నారు, సీడీ గీతలు పడితే ఫోన్లోకి ఎక్కించుకున్నారు. కూతురు లహరికి మాటలొచ్చేనాటికి లాంచీలో కోడిపెట్ట తప్పించుకున్న సీను మొత్తం వచ్చు.

గౌరీపతి జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. విశాఖపట్నంలో రుషికొండ దాటాక సముద్రం కనిపించే గుట్ట మీద అతని ప్రయోగశాల. ప్రమాదాల్లో బతికి బయటపడినవాళ్ళ కోసం మొదలైంది అతని పని. బస్సు లోయలో పడి బతికిన మనిషి ఒళ్ళు బయటికి వస్తుంది కాని, మనసు ఆ బస్సులోనే ఉండిపోతుంది. ఆ ఒక్క జ్ఞాపకాన్ని, పక్కవాటికి దెబ్బ తగలకుండా తీసెయ్యడం ఎలా? అతని పదేళ్ళ తపన అది.

బల్ల మీద ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి ఉండేది. పరీక్షకు వచ్చినవాళ్ళకి దాన్ని చూపించి చెప్పేవాడు.

"ఈ లక్క చూడండి, రాయిలా ఉంది. వేడి తగిలితే మెత్తబడుతుంది. చల్లారితే మళ్ళీ గట్టిపడుతుంది. జ్ఞాపకమూ అంతే. తలుచుకున్నప్పుడల్లా కాసేపు మెత్తబడుతుంది. ఆ కాసేపట్లో మేం ఒక ఇంజెక్షన్ ఇస్తాం, ఈ టోపీ పెట్టి చిన్న అయస్కాంతపు దెబ్బలు కొడతాం. అది మళ్ళీ గట్టిపడదు. కరిగిపోతుంది."

భయంకరమైన జ్ఞాపకాల జోలికి పోయేముందు ఏదైనా అపాయం లేని జ్ఞాపకం మీద పద్ధతిని పరీక్షించాలి. అది చాలాసార్లు తలుచుకున్నదై ఉండాలి, మొదలూ చివరా తెలిసినదై ఉండాలి, పోయిందో లేదో ప్రశ్నలడిగి తేల్చగలిగినదై ఉండాలి. సినిమాను ఎన్నుకుందామన్న ఆలోచన అతని సహ పరిశోధకురాలు నసీమాది. ఎవరికి వాళ్ళకి ఒక సినిమా ఉంటుంది కదా సార్, మళ్ళీ మళ్ళీ చూసేది, అంది. ఆ సినిమాను టోపీ పెట్టుకుని చివరిసారిగా ఒకసారి చూస్తే చాలు. చూస్తూ ఉండగానే సీను తరవాత సీను కరిగిపోతుంది.

మొదట వచ్చినవాళ్ళంతా కాలేజీ పిల్లలు. వాళ్ళకి మర్నాడు అదే సినిమా మళ్ళీ వేస్తే, విలన్ ఎవరో తెలిసినప్పుడు కుర్చీల్లోంచి లేచారు. హీరో తల్లి చనిపోతే వెక్కి వెక్కి ఏడ్చారు. అద్దం వెనకనుంచి చూస్తున్న గౌరీపతికి ఒళ్ళు జలదరించింది. ఒక అమ్మాయి బయటికొచ్చి, "సార్, ఇంత మంచి సినిమా నేను ముందే చూశానా? అదృష్టవంతురాల్ని" అంది. ఆ మాట పేపర్లో పడింది. ఆ రోజునుంచి ప్రయోగశాలకు ఫోన్లు ఆగలేదు. ప్రమాద బాధితుల సంగతి పక్కకు పోయింది. తమకు ఇష్టమైన సినిమాను మళ్ళీ మొదటిసారి చూడాలనుకునే జనం ఊళ్ళో ఇంతమంది ఉన్నారని ఎవరూ అనుకోలేదు. సంస్థ పెద్దలు ఊరూరా కేంద్రాలు తెరుద్దామని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో 'లంకలపల్లి లాంచీ' నడుస్తోంది. కుముద సోఫాలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆమె పట్టణంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు టీచరు. ఇసకమేట సీను వచ్చి వెళ్ళింది. ఆమె పెదవులు ఆ మాటలు పలికాయి కాని, చేతులు దుప్పటి అంచులు కలుపుతూనే ఉన్నాయి.

"ఏమండీ, నాకు నవ్వు రావట్లేదు" అంది.

"దేనికి?"

"ఈ సీనుకే. నవ్వుతున్నాను. కాని నవ్వు దానంతటదే రావట్లేదు. ఇక్కడ నవ్వాలి కాబట్టి నవ్వుతున్నాను." దుప్పటి ఒళ్ళో పెట్టుకుంది. "రాజమండ్రిలో ఆ రోజు నవ్వానే, పొట్ట పట్టుకుని. అలా ఇంకొక్కసారి నవ్వాలనుంది. మీ కాలేజీ పిల్లలకి చేశారుగా. నాకూ చెయ్యండి."

గౌరీపతి ముందు వద్దన్నాడు. కాని ఆ రోజంతా ఆ ఆలోచన అతన్ని వదల్లేదు. కాలేజీ పిల్లలు చూసినవన్నీ మొన్నమొన్నటి సినిమాలు. పాతికేళ్ళుగా చూస్తున్న సినిమా మీద పద్ధతి పనిచేస్తుందో లేదో ఇంకా తెలీదు. అలాంటి మనిషి తన ఇంట్లోనే ఉంది, తానే వచ్చి అడుగుతోంది. అదొక్కటే కాదు. వానలో తడిసిన ఆ కొత్త పెళ్ళికూతురి నవ్వు మళ్ళీ చూడొచ్చన్న ఆశ కూడా ఉంది. తన కోరికకీ శాస్త్రానికీ ఒకే దారి కనిపించేసరికి ఆ దారి మంచిదేననుకున్నాడు.

నసీమా ఒప్పుకోలేదు. "ఇంట్లోవాళ్ళని వద్దు సార్. నియమాల్లో ఉంది కదా. రేపు ఏదైనా తేడా వస్తే మీరు డాక్టరుగా చూస్తారా, భర్తగా చూస్తారా?"

"తేడా ఏం వస్తుందమ్మా? ఒక హాస్య సినిమా. ఆవిడ పేరు బదులు నంబరు రాద్దాం."

"మీరు పెద్దవారు. నేను వద్దన్నానని మాత్రం గుర్తుంచుకోండి."

ఆ శుక్రవారం కుముద నెమలికంఠం రంగు చీర కట్టుకుని, పేరంటానికి వచ్చినట్టు వచ్చింది. టోపీ పెడుతుంటే జడ అడ్డం వచ్చిందని నవ్వింది. తెర మీద లాంచీ కూత పెట్టింది. అద్దం ఇవతల గౌరీపతి, నసీమా మానిటరు ముందు కూర్చున్నారు. సినిమా సాగుతున్నకొద్దీ మానిటరు మీద ఒక్కొక్క గీతే లేచి, వణికి, చదునైపోతోంది. కోడిపెట్ట సీనుకి కుముద చప్పట్లు కొట్టింది. ఆ సీను అయిపోగానే ఆమె ముఖంలో చిన్న తడబాటు, ఎందుకు చప్పట్లు కొట్టానా అన్నట్టు. మళ్ళీ తెరలో పడిపోయింది.

ఇసకమేట సీను వచ్చింది. సరంగు మాట అనగానే కుముద తెర వైపు కాక అద్దం వైపు తిరిగింది. అవతల్నుంచి ఆమెకు ఎవరూ కనిపించరు. అయినా అతను ఎక్కడుంటాడో తెలిసినట్టు సరిగ్గా అటే చూసి, పంతులమ్మతో పాటు తనూ ఆ జవాబు చెప్పింది. మానిటరు మీద గీత లేచిన తీరు చూసి నసీమా ముందుకు వంగింది. ఒక సీనుకు లేవాల్సిన గీత కాదది. చెట్టును పట్టుకుని లాగితే పెరడంతా కదిలినట్టు, మిగిలిన గీతలన్నీ కదిలాయి.

"సార్, ఇది సినిమా ఒక్కటే కాదు. ఆపనా?"

గౌరీపతికి ఆ క్షణం తరవాత ఎన్నోసార్లు గుర్తొచ్చింది. ఆపమనడానికి ఒక్క మాట చాలు. అద్దం అవతల కుముద ఇంకా ఇటే చూస్తోంది. ఆ ముఖం వెలిగిపోతోంది. రేపు దాన్ని ఇంకెంత వెలుగుతో చూస్తానో అనుకున్నాడు.

"కానివ్వండి" అన్నాడు.

గీత నెమ్మదిగా చదునైంది. కుముద మళ్ళీ తెర వైపు తిరిగింది.

మర్నాడు చిన్న హాల్లో ఇద్దరినీ కూర్చోబెట్టి సినిమా వేశారు. గౌరీపతి చొక్కా కొత్తది తొడుక్కున్నాడు. తెరను కాదు, పక్కన ఉన్న ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు. కుముద శ్రద్ధగా చూసింది. కోడిపెట్ట దగ్గర నవ్వింది. ఇసకమేట దగ్గర చిరునవ్వు నవ్వింది. విశ్రాంతి తరవాత ఒకసారి ఆవులించి, అతను చూశాడేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దీపాలు వెలిగాక అడిగింది. "ఈ సినిమానా నాకంత ఇష్టం?"

"బాగాలేదా?"

"బాగానే ఉందండి. సరంగు వేసినాయన బాగా చేశాడు. రెండో సగం కాస్త సాగదీశారు." అతని ముఖం చూసి నొచ్చుకుంది. "నిద్ర సరిగా లేక అయ్యుంటుంది. ఇంకోసారి చూస్తే నచ్చుతుందేమో."

కారులో వస్తూ కుముద, "పెళ్ళయ్యాక రాజమండ్రి వెళ్ళాం కదా. వాన పడింది. మనం ఎక్కడికో పరుగెత్తాం. ఎక్కడికండీ?" అంది. చెప్పాడు. "అలాగా" అంది.

అది తను ఊహించినదే. సినిమాతో పాటు సినిమా హాలు కూడా కొంత పోతుంది. కాగితాల్లో కూడా అలాగే రాసుకున్నాడు.

తరవాత రెండు వారాలకు కుముద బడిలో వార్షికోత్సవం. పిల్లలచేత తనే రాసిన నాటిక వేయించింది. తప్పక వస్తానన్న గౌరీపతి రాలేదు. సంస్థ పెద్దలతో సమావేశంలో ఉండిపోయి ఫోను కట్టేశాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కుముద వంటింట్లో ఉంది. పిల్లలు వేసిన దండ బల్ల మీద ఉంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే హెడ్మాస్టరు గారు రెండుసార్లు అడిగారనీ, రెండుసార్లూ వస్తున్నారని చెప్పాననీ అంది.

గౌరీపతి కాసేపు హాల్లో తిరిగి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆలోచించి అన్న మాట కాదు, పాతికేళ్ళ అలవాటు. "లాంచీ ఆగలేదండి, నది ఆగింది."

కుముద స్టవ్వు కట్టేసి ఇటు తిరిగింది.

"అది మొన్న చూసిన సినిమాలో మాట కదూ?"

"అవును."

"నేను బడి సంగతి చెబుతున్నాను. మీరు సినిమా డైలాగు చెబుతున్నారేమిటి?"

ఆ మాటకు జవాబు ఎప్పుడూ ఆమె దగ్గరే ఉండేది.

ఆ గొడవ తీరలేదు. పోట్లాట కూడా కాలేదు. ఊరికే అలా ఉండిపోయింది. నాలుగు రోజుల తరవాత అన్నం వడ్డిస్తూ కుముద ఉన్నట్టుండి అడిగింది.

"మా నాన్నకి ఆపరేషనైన రోజు మీరు రాలేదు. వస్తానని చెప్పి రాలేదు. ఆ పూటంతా ఆసుపత్రి బెంచీ మీద ఒక్కత్తినీ కూర్చున్నాను. ఆ తరవాత ఏమైంది?"

"ఏమైందంటే?"

"నాకు చాలా కోపం వచ్చింది. ఎంత కోపమంటే ఇప్పుడు తలుచుకున్నా అంతే వస్తోంది. ఆ కోపం ఏమైంది? మళ్ళీ మనం మామూలుగా ఎలా ఉన్నాం?"

"నేను వచ్చాను. సర్దుకున్నాం."

"ఎలా?"

గౌరీపతి కంచంలోకి చూస్తూ చెప్పాడు. "నవ్వుకున్నాం."

"మా నాన్న ఆసుపత్రిలో ఉంటే నేను నవ్వానా?"

ఆమె గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. తనేం మనిషినా అన్న భయం.

ఆ తరవాత ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. లహరిని ఎత్తుకుని బస్సు కాంప్లెక్సులో సామానుతో అతని కోసం ఎదురుచూసిన మధ్యాహ్నం. బొబ్బిలిలో హెడ్మాస్టరుగా ప్రమోషను వస్తే, ప్రయోగం మధ్యలో ఉందని అతను అంటే వదులుకోవడం. ఆమె స్నేహితురాలి ముందు ఆమె రాసిన కథ గురించి అతను తేలిగ్గా మాట్లాడటం. జరిగిన ప్రతిదీ మాటతో సహా గుర్తుంది. అది తీరిన సంగతి ఒక్కటీ గుర్తులేదు. పాతికేళ్ళ కాపురంలో ఎప్పుడో ఆరిపోయాయనుకున్నవన్నీ ఆమెకు నిన్న జరిగినట్టున్నాయి. ఏది ఎలా తీరిందని అడిగినా, ఆ సినిమా మాటతోనేనని గౌరీపతి చెప్పేవాడు.

"ఆ సినిమా మాట కాకుండా, మీరు ఎప్పుడైనా తప్పయిందని అన్నారా?" అని అడిగింది ఒకరోజు.

వెతికాడు. జ్ఞాపకాలతోనే పని చేసే మనిషి, తన జ్ఞాపకమంతా వెతికాడు.

"లేదు" అన్నాడు.

హాస్టలు నుంచి వచ్చిన లహరి రెండు రోజుల్లోనే ఇంట్లో తేడా కనిపెట్టింది. తల్లిని కూర్చోబెట్టి సినిమా మళ్ళీ మళ్ళీ వేసింది. "అమ్మా, నాన్న ఇలా అంటే నువ్వు ఇలా అనాలి" అని నేర్పింది. కుముద మంచి విద్యార్థినిలా నేర్చుకుంది. లహరి తండ్రిని పిలిచి గుమ్మంలో నిలబెట్టింది. అతను అన్నాడు. ఆమె అంది, అక్షరం పొల్లుపోకుండా. ఎవరికీ నవ్వు రాలేదు. లహరికి ఏడుపొచ్చేసింది. "సారీ అమ్మా" అని గదిలోకి వెళ్ళిపోయింది.

గౌరీపతి నసీమా దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాడు. ఆమె ఆ శుక్రవారపు రికార్డు తెరిచి చాలాసేపు చూసింది.

"గొడవ ఒక జ్ఞాపకం, అది తీరడం ఇంకో జ్ఞాపకం సార్. రెండూ ఒకచోట ఉంటాయని మనం అనుకున్నాం. మేడమ్ సర్దుకున్న ప్రతిసారీ ఆ సినిమాని తలుచుకున్నారు. అందుకని ఆ సర్దుకోవడాలన్నీ గొడవల పక్కన కాక సినిమా పక్కన చేరాయి. సినిమాను తీశాం. దాంతోపాటు అవీ వచ్చేశాయి."

"వెనక్కి పెట్టలేమా?"

నసీమా తల అడ్డంగా ఊపింది. "ఆ రోజు గీత చూశాక అనుమానం వచ్చి కాలేజీ పిల్లల్ని పిలిచి కనుక్కున్నాను. ఒకమ్మాయికి హాస్టల్లో రూమ్మేటు ఉన్నట్టుండి పరాయిదిలా అనిపిస్తోందట. ఇద్దరూ కలిసి చూసేవారట ఆ సినిమా."

ఆ రోజు పరీక్ష కోసం వచ్చి కూర్చున్న మనిషి పైడిరాజు. విజయనగరంలో బట్టల దుకాణం ఆయనది. డెబ్భై దాటాయి. టోపీ పెట్టడానికి గౌరీపతి లోపలికి రాగానే ఆయనే మొదలుపెట్టాడు.

"మా ఆవిడ, నేనూ ఏడాదికోసారి ఒకే సినిమా చూసీవోళ్ళం బాబూ. ఆవిడ పోయింది. ఇప్పుడు పెడితే మొదటి పాటకే ఏడుపొచ్చెస్తంది. అది తీసీండి. కొత్తగా చూసుకుని నవ్వుకుంటాను."

"ఆ సినిమా చూసేటప్పుడు ఆవిడ ఏం చేసేవారు?"

పైడిరాజు ముఖం విప్పారింది. "పాట రాగానే నా మోచెయ్యి గిల్లీసేది. ఎందుకో తెల్దు. నలభయ్యేళ్ళు గిల్లింది."

గౌరీపతి టోపీ పక్కన పెట్టాడు. "ఇంటికి వెళ్ళండి. మీకు చెయ్యను."

"అదేటి? ఇంత దూరం పిలిపించీసి?"

"సినిమాతో పాటు ఆ గిల్లుడు కూడా పోతుంది. నాకు తెలుసు."

పెద్దాయనకు కోపం వచ్చింది. కర్ర అందుకుని లేచాడు. "పెద్ద డాక్టరువి. నా ఏడుపు నాకు ఉంచీసి పంపించెస్తన్నావు."

"అవునండి. ఉంచేసే పంపిస్తున్నాను."

ఆ మర్నాడు గౌరీపతి, ప్రయోగాలు నియమాల ప్రకారం జరుగుతున్నాయో లేదో చూసే పర్యవేక్షక సంఘం ముందు నిలబడ్డాడు. నంబరు వెనక ఉన్నది తన భార్య అనీ, నసీమా ఆపనా అని అడిగితే తానే వద్దన్నాననీ చెప్పాడు. కేంద్రాల ఆలోచన ఆగిపోయింది. ప్రయోగశాల నసీమా చేతికి వచ్చింది. ప్రమాద బాధితులకు ఈ పద్ధతి పనికొస్తుందో లేదో, తీస్తే పక్కనున్న దేన్ని తీస్తున్నామో ముందు తెలుసుకోవాలని ఆమె మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. గౌరీపతిని సలహాదారుగా ఉండమన్నారు. అతను వెళ్ళలేదు.

ఇంట్లోనే ఉండసాగాడు. కుముదకు పాత సంగతులన్నీ చెప్పడం ఒక్కటే తను చెయ్యగలిగిన పని అనిపించింది. ఆమె గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పాడు.

"మీ నాన్నగారి ఆపరేషనప్పుడు నేను వచ్చేసరికి నువ్వు బెంచీ చివర కూర్చున్నావు. పక్కన ఫ్లాస్కు ఉంది. నేను చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చాను. నా వైపు చూడలేదు. నేను పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా ఆ మాట అన్నాను. నువ్వు ఫ్లాస్కు మూత బిగిస్తూ కూర్చున్నావు. తరవాత, నదిని తొయ్యండి, అన్నావు. అని ఏడ్చేశావు. నా భుజం తడిసింది. అప్పుడు చొక్కా తిరగబడిందని చూసి నవ్వావు. ఫ్లాస్కు మూతలో నాకు కాఫీ పోశావు. నేను పొద్దుటినుంచి ఏమీ తినలేదని నీకెలా తెలిసిందో ఇప్పటికీ తెలీదు."

కుముద చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కథ వింటున్నట్టు శ్రద్ధగా విన్నది. ఆమె కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"ఆవిడ చాలా మంచిదండీ" అంది.

అతను తలెత్తాడు.

"మీరు చెబుతుంటే తెలుస్తోంది. ఆవిడ మిమ్మల్ని నిజంగానే క్షమించింది. కాని ఆ సంగతి ఇప్పుడు మీ ఒక్కరికే తెలుసు. నాకు ఆ బెంచీ, ఆ ఫ్లాస్కూ గుర్తున్నాయి. మీరు రావడం గుర్తులేదు."

"తప్పు నాదే కుముదా. ఆ రోజు రావలసింది."

"నిజమే" అంది, మెత్తగానే. "ఇప్పుడు అంటే నేనేం చెయ్యను చెప్పండి. మా నాన్న పోయి ఎన్నేళ్ళయింది. ఒక్కొక్కటే మీరు చెప్పడం, ఒక్కొక్కదానికే నేను మళ్ళీ కొత్తగా కోపం తెచ్చుకోవడం, దాన్ని మళ్ళీ దిగమింగడం. నాకు అంత ఓపిక లేదు."

వేసవి సెలవుల తరవాత కుముద, ఈసారి మళ్ళీ వచ్చిన హెడ్మాస్టరు ప్రమోషను తీసుకుని బొబ్బిలి వెళ్ళింది. విడిపోతున్నామని ఎవరూ అనలేదు. బడి దగ్గరే రెండు గదులు అద్దెకు తీసుకుంది. గౌరీపతి వెళ్ళి గ్యాసు పొయ్యి బిగించి, కిటికీలకు దోమతెర కొట్టి వచ్చాడు. వచ్చేముందు కుముద గుమ్మం దాకా వచ్చింది. అతనికి ఏదో అనాలని ఉంది. ఏదన్నా ఎక్కడో విన్నమాటలా ఉంటుందేమోనని భయమేసి, తలుపు గడియ గట్టిగా ఉంది, నూనె వెయ్యి అని చెప్పి బస్సెక్కాడు.

కుదిరిన ఆదివారాలు ఆమె విశాఖ వస్తుంది. వచ్చినప్పుడు ఇద్దరూ కొత్తగా పరిచయమైనవాళ్ళలా జాగ్రత్తగా మాట్లాడుకుంటారు. బడి సంగతులు చెబుతుంది. అతను వంట నేర్చుకున్నాడు, చారు బాగా పెడుతున్నాడు. టీవీ పెట్టరు.

మొన్న వచ్చినప్పుడు, కిందటిసారి అతని దగ్గర వదిలి వెళ్ళిన కళ్ళజోడు అడిగింది. విరిగిన కాడ మార్పించి ఉంచమని అప్పుడే చెప్పింది. అది అల్మారాలో పెట్టినచోటే, విరిగిన కాడతోనే ఉంది. గౌరీపతి దాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వారమంతా పాత జోడుతో పేపర్లు దిద్దాను. తలనొప్పితో చచ్చాను. ఒక్కటే పని చెప్పాను మీకు" అంది కుముద. గొంతు పెరిగింది.

అతను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ముఖంలోకి చూశాడు. అలా చూస్తూ మాట్లాడటం అతనికి ఇంకా కష్టంగానే ఉంది.

"మర్చిపోయాను. వేరే కారణం ఏమీ లేదు. నువ్వు చెప్పావు, నేను మర్చిపోయాను. తప్పు నాదే. నీకు ఇబ్బంది అయింది. ఇప్పుడే వెళ్ళి చేయించుకొస్తాను."

కుముద నవ్వలేదు.

"సరే" అంది.

అతను చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. ఆ 'సరే' ఈ కళ్ళజోడు ఒక్కదానికే. అంతకు మించి దానికి ఏ అర్థమూ లేదని అతనికి తెలుసు. అయినా కళ్ళజోడు చొక్కా జేబులో పెట్టుకుని, పడిపోకుండా పైనుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎండలో దుకాణం దాకా నడిచాడు.